ఒకటే రేటు ఫౌజీ

సర్కారుతోటి బేరమాడిన మొనగాడు మా బజార్ల నేనొక్కన్నే. మున్సిపాలిటీతోటి, కరెంటోళ్లతోటి కాదు; వాళ్లతోటి అందరూ ఆడుతరు. నేను ఆడింది ఫౌజుతోటి. గుల్జార్ హౌజ్ నుంచి చార్మినార్ దాంక గద్దెల మీద కూసున్న సేట్లల్ల, ఫౌజు రికార్డు ఆఫీసుకు ముందుగాల ఎక్కువ ధర చెప్పి, మెల్లగ అసలు ధరకు దిగుదామని చూసినోడు ఇంకొకడుంటె తోల్కరాన్రి, నా గద్దె వానికి రాసిస్త. ఆ తెలివి పూరాగ నాదే. దాని కింద సంతకం మాత్రం నాది కాదు. సంతకం పెట్టినాయన పోయి నెల కూడా కాలే.

పోయిన వారం ఆయన ఇంటామె నా దుకాణానికి వచ్చి పోయింది. అప్పటిసంది కత్తెర పట్టబుద్ధయితలేదు. అందుకే రాస్తున్న.

మాది రిబ్బన్ల దుకాణం. రిబ్బన్లు, గోటా, లేసు, జరీ, బొత్తాలు. తాత గద్దె మీద నాయన, నాయన గద్దె మీద నేను. నడుమల గద్దెల దూది ఒక్కటే మారింది. పిల్లల్ని నవ్వియ్యనీకె తాత ఒక మాట అంటుండె: "సరుకు మన దగ్గర్నే ఉండాలె, పైసలూ మన దగ్గరికే రావాలె. గసొంటి బేరం చేసినోడు మన ఖాందాన్‌ల ఇంకా పుట్టలే. నువ్వన్న చేస్తవా బిడ్డా?" చేస్త తాతా అంటుంటి. మా అమ్మ ఇంకో రెండు ముద్దలు తినుమంటె ఒకటిన్నరకు దించేటోన్ని. మా ఇంట్ల అడిగిన ధరకు ఎవ్వరూ ఏదీ ఇచ్చేటోళ్లు కాదు, ముద్దు కూడా.

గసొంటి దుకాణానికి ఒకనాడు పగటీలి ఆయన వచ్చిండు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల అంగి, చేతుల మీద ఇస్త్రీ మడత కత్తి లెక్క నిలబడి ఉన్నది. ఎడమ కాలు ఈడ్చుకుంట మెట్టెక్కిండు. కూసోమంటె కూసోలే.

"తెల్ల రిబ్బన్. నడుమ ఎర్ర చార. అంగుళంబావు వెడల్పు. ఉన్నదా?"

ఉన్నది. బడి పిల్లల ఆటల పోటీల పతకాలకు అమ్మేది. ధర చెప్పిన. నేను చెప్పే ధరల మూడో వంతు గాలే ఉంటది. అవతలోడు ఆ గాలి తీస్తడు, నా పిల్లలు పస్తులుంటరని నేను ఏడుస్త, వాడు మెట్టు దిగుతడు, నేను వెనక్కి పిలుస్త, ఇద్దరం సంబురంగ ఎవరింటికి వాళ్లం పోతం. ఈయనేమో ధర విని జేబుల చెయ్యి పెట్టిండు. పూరా పైసలు తీసి బల్ల మీద పెట్టబోతున్నడు.

ఇంకో మెట్టున్నదనుకోని కాలు వేస్తె నేల తగిలినట్టైంది నాకు. ఆగలేకపోయిన.

"పెద్దోళ్లు బాపూ, మీకు పది తగ్గిస్త."

ఆయన చెయ్యి ఆగింది. నోట్లు మళ్ల మడత పెట్టిండు.

"ఇప్పుడు చెప్పింది నిజమైతె, ఇందాక చెప్పింది ఏంది సేటూ?"

"అదీ... బేరం బాపూ. బజారు రివాజు."

"నేను పాలోళ్ల ఇంట్ల పుట్టిన. నీళ్లు కలిపింది నాకు ఎరుకైతది."

మెట్టు దిగి పోయిండు. వెనక్కి పిలిచిన. తిరిగి కూడా చూడలే. పిలిస్తె తిరగని గిరాకీని నా జన్మల మొదటిసారి చూసిన.

నాలుగు రోజులకు మళ్ల వచ్చి అదే మెట్టు మీద నిలబడ్డడు. "సోంచాయించినవా? ఒకటే రేటు చెప్పు."

చెప్పిన, గాలి లేకుంట. దొంగతనం చేస్తున్నట్టు అటిటు చూసి మరీ చెప్పిన. ఆయన పైసలిచ్చి అర గజం కోయించుకున్నడు. నేను కత్తెర పెడ్తుంటె రిబ్బన్ కొస మీద ఆయన వేలు పెట్టి పట్టుకున్నడు, జారకుంట. ఆ దినం నుంచి నా దుకాణంల ఒకటే రేటు ఒక్క మనిషికే. ఆయనొస్తె పక్క గిరాకీలతోటి కూడా నా గొంతు తగ్గిపోయేది. "ఏంది సేటూ, ఇయ్యాల జరమొచ్చిందా?" అని అడిగేటోళ్లు.

ఫౌజీ బాపు అంటుంటిమి ఆయన్ని. అసలు పేరు రాయను. ఆ పేరు ఒక్కసారి నా కలం కింద పడ్డది, చాలు.

వారానికోసారి వచ్చి మెట్టు పక్కన స్టూలు మీద కూసొని ఎడమ కాలు బజార్లకు చాపేటోడు. ఆ కాలు వంగదు. తుంటిల ఇనుప తునక ఉన్నది. డెబ్బై ఒకటి లడాయిల తోపు గుండు పగిలి లోపలికి జొచ్చి, డాక్టర్లు తియ్యనీకె భయపడి వదిలేసిన తునక. "సర్కారు మాల్ మొత్తం వాపస్ ఇచ్చిన సేటూ. కంబళి, మగ్గు, బూట్లు, అన్ని. ఇది దుష్మన్ మాల్. ఇదొక్కటే మిగిలింది," అని తుంటి తట్టేటోడు, సంచిల కొబ్బరికాయను తట్టినట్టు.

ఆయన ఉండే గౌలిపురల మాత్రం ఆ కాలుకు వేరే కథ ఉన్నది. పాలోళ్ల ఇల్లు గదా, గేదె తన్నిందన్నరు. ఎవరు మొదలుపెట్టిన్రో తెల్వదు. ఫౌజు నుంచి వచ్చినంక ఆయన సైకిల్ మీద గల్లీ గల్లీ తిరిగి పాలు పోసిండు, ఒక్క కాలుతోటే పెడల్ తొక్కుకుంట. పిల్లలు వెనకనుంచి గేదె లెక్క అరిచేటోళ్లు. ఇప్పుడు గేదెలు జల్‌పల్లి అవతలి కొట్టానికి పోయినయి, కొడుకు పొద్దుగాల పోయి పాలు తెస్తడు. గేదెలు పోయినా మాట పోలే. పెండ్లి బంతిల కూసుంటె ఎవడో ఒకడు మొదలుపెడ్తడు: "ఫౌజీ మామా, లడాయి సంగతి సరే, ఆ గేదెకు పతకం ఇచ్చిన్రా లేదా?" బంతి అంతా నవ్వుతది. ఆయన కోపానికి రాడు. పప్పు కలుపుకుంట, "కాగితం వస్తది," అంటడు.

ఆ కాగితం కోసమే ఆ రిబ్బన్. లడాయిల గాయపడ్డోళ్లకు ఫౌజు ఒక పతకం ఇస్తది. దాని పట్టీ తెలుపు, నడుమ ఎరుపు. ఆయనకు రాలే. ఆస్పత్రి డేరాల ఎవరో తొందర్ల ఆయన నంబరు రాస్తుంటె రెండంకెలు అటిటయినయి, ఆయన గాయం ఇంకో నంబరుకు పోయింది. ఆయన సర్వీసు పుస్తకంల లడాయికి పోయినట్టు ఉన్నది, తిరిగొచ్చినట్టు ఉన్నది. నడుమ గాయం లేదు. "పుస్తకం ప్రకారం నేను దౌడు తీసుకుంట ఇంటికొచ్చిన సేటూ," అనేటోడు.

ఆ పతకంతోటి పించను ఒక్క రూపాయి పెరగదు. నేను అడిగి తెలుసుకున్న, అది నా మొదటి ప్రశ్న. ఆయనకు కావల్సింది ఆ పుస్తకంల ఒక్క లైను. రిబ్బన్ మాత్రం ముందే కొని, ఆ పుస్తకంలనే మడతపెట్టి, ఖాళీగున్న పేజీల పెట్టుకున్నడు.

"కుట్టించుకోరాదు బాపూ అంగీకి? బడి పిల్లలు పెట్టుకుంటున్నరు, మీరు పెట్టుకుంటె ఎవడడుగుతడు?" అన్న ఒకసారి.

"రికార్డుల లేంది ఛాతి మీద ఎట్ల పెడ్త?"

"ఎవడు చూస్తడు రికార్డు?"

"నేను."

దస్తాలకు దస్తాలు అర్జీలు పెట్టిండు. ఆఫీసులల్ల ఎక్స్‌రే చూపించిండు. ఒక గుమాస్తా దాన్ని ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టి, "ఇనుము కనబడ్తున్నది తాతా, గని ఇనుము మీద ఊరి పేరు కనబడ్తలేదు," అన్నడంట. ఆ మాట నాకు చెప్పి ఆయనే మెచ్చుకున్నడు. "వాడు చెప్పింది సహీ సేటూ. ఎక్స్‌రే సాక్ష్యం ఎట్లయితది? అది సగమే చెప్తది."

ఆయన్ని నమ్మినయి మెటల్ డిటెక్టర్ దర్వాజలొక్కటే. గుడి కాడ, సినిమా హాలు కాడ, పెద్దాసుపత్రి కాడ ఆయన అడుగు పెట్టంగనే కుయ్యిమంటయి. కాపలా పిలగాడు కర్రలాంటి మిషను తెచ్చి తుంటి కాడ పెడ్తె అది ఇంకా గట్టిగ ఏడుస్తది. "జేబుల ఏమున్నది తాతా?" అంటె ఆయన నిటారుగ నిలబడి, "జేబుల లేదు బిడ్డా, బొక్కల ఉన్నది. తోపు గుండు," అని, పొమ్మన్నా పోకుంట, ఇంకోసారి వెనక్కి పోయి మళ్ల దాంట్లనుంచి వచ్చేటోడు. నేను ఒకసారి తోడు పోయిన. ఆ దర్వాజ అరిచినప్పుడు ఆయన మొహంల వెలుగు చూసి, లోకంల ఇంత సస్తాగ సంతోషపడే మనిషి దుకాణదారుకు పనికిరాడనుకున్న.

ఆఖరుకు రికార్డు ఆఫీసోళ్లు ఒక తోవ చూపించిన్రు. అదే కంపెనీల ఉన్న మనిషి, కండ్లార చూసినోడు, అఫిడవిట్ ఇస్తె విచారిస్తమన్నరు. గట్లాంటోడు బతికున్నది ఒక్కడే, కేరళల ఉండే సుబేదార్ సాబ్. ఆయన మా ఫౌజీకి పెద్ద. ఇంట్ల మనవల లొల్లి అని మా దుకాణంల నుంచే ఫోన్ చేసేటోడు. నంబరు కలుపంగనే స్టూలు మీదికెళ్లి లేచేటోడు. ఆ వంగని కాలు సరిచేసి, మడిమెలు కలిపి, బొత్తాల డబ్బాల నడుమ అటెన్షన్‌ల నిలబడేటోడు.

"కూసొని మాట్లాడు బాపూ, ఆయనకు కనబడదు," అంటి.

"నాకు కనబడ్తది గదా."

సుబేదార్ సాబ్ అఫిడవిట్ పంపిండు. అన్ని సక్కగున్నయి. ఇగ అర్జీ రాయాలె, ఇంగ్లీషుల, మంచిగ. జీఎస్టీ నోటీసులకు జవాబులు నేనే రాస్త గదా, మా బజార్ల నా ఇంగ్లీషుకు పేరున్నది. నేనే రాస్త బాపూ అన్న.

లడాయి సంగతి చెప్పుమన్న. అప్పుడు చెప్పిండు జోడీదార్ గురించి. జోడీదార్ అంటె ఒకే గుంతల ఉండేటోడు, ఒకే మగ్గుల చాయ్ తాగేటోడు. గుండు తగిలి ఈయన పడిపోతె ఆ జోడీదార్ భుజానేసుకొని పొలాలకెళ్లి మోసుకొచ్చి పట్టీలు కట్టే కాడ దించిండు. దించినంక చూస్తె ఈయన తుపాకి లేదు. తుపాకి పోగొట్టుకుంటె సిపాయికి శిక్ష. "నువ్వు పండుకో, నీ బందూక్ నేను తెస్త," అని మళ్ల పోయిండు. రాలే. "నేను పండుకొనే ఉన్న సేటూ," అన్నడు.

ఇగ వినున్రి నా తెలివి. ఆయన ముంగట కూసొని కాగితం మీద కలం పెట్టంగనే నాలో తాత లేచిండు. గాయం పతకం ఒక్కటే అడిగితె ఏమిస్తరు? అడిగిందాంట్ల సగం. సగం గాయానికి పతకం ఉంటదా? ఉండదు. కనుక పెద్దది అడగాలె. వీరత్వం పతకం అడగాలె. వాళ్లు "అంత లేదు" అంటరు, మేము మెట్టు దిగినట్టు చేస్తం, వాళ్లు వెనక్కి పిలిచి, "పోనీ ఇది తీస్కోన్రి" అని గాయం పతకం చేతుల పెడ్తరు. ఎన్ని పీసుల గోటా అమ్మలే గిట్ల!

పెద్దది అడగాలంటె ఆయన పెద్ద పని చేసుండాలె. ఏం రాయాలె? చేతికందేటట్టు ఒక పెద్ద పని ఉన్నది గదా, ఇప్పుడే చెప్పిండు. తిరగేసి రాసిన. గాయపడ్డ జోడీదార్‌ను ఈయన భుజానేసుకొని మోసిండని, మోస్తుంటె ఈయనకు తగిలిందని రాసిన. చచ్చిపోయినాయన వచ్చి అడుగుతడా అనుకున్న. బతికున్నాయన్ని అడుగుతరని తోచలే. సుబేదార్ సాబ్ అఫిడవిట్ కింద పిన్ను గుచ్చింది కూడా నేనే.

ఆయన కండ్లద్దాలు పెట్టుకొని కాగితం మీద తన నంబరు ఒక్కటి చూసుకున్నడు, అంకె అంకె. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతే. సరిగ్గున్నదన్నడు.

"ఏం రాసినవ్ సేటూ?"

"మీ సంగతే బాపూ."

"ఒకటే రేటా?"

ఒక గిరాకీ మెట్టెక్కి లేసు ధర అడిగితె, "ఆగమ్మా" అన్న. మళ్ల ఈయన దిక్కు తిరిగి, "ఒకటే రేటు బాపూ," అన్న.

సంతకం పెట్టిండు.

ఎండకాలం పోయింది, వానలు పోయినయి. ఆయన వచ్చినప్పుడల్లా, "బేరం నడుస్తున్నది బాపూ, తొందర పడొద్దు, వాళ్లు చప్పుడు చేస్తలేరంటె లోపల మెత్తబడుతున్నరు," అంటుంటి. ఆయనకేం సమజయిందో, తల ఊపేటోడు. నేనైతె పతకం వచ్చినంక గౌలిపురల బంతి పెట్టించి ఆ గేదె మాట అన్నోళ్లందరికీ నేనే వడ్డిస్తనని కూడా అనుకున్న.

జవాబు వచ్చింది. లిఫాఫా చింపకుంట తెచ్చిండు. ఆ దినం అంగి కొత్తది. నన్ను చదువుమన్నడు. నేను మొదటి పేరా చదువుకొని, రెండోది చదువుకొని, కాగితం మడత పెట్టిన. "ఇంకా విచారిస్తున్నరంట బాపూ," అన్న.

"ఒకటే రేటు చెప్పు సేటూ."

చదివిన. లైను లైను, తెలుగుల. అఫిడవిట్ ఇచ్చిన సుబేదార్‌కు ఈ అర్జీ నకలు పంపి అడిగినం. ఆయన ఇట్ల జవాబిచ్చిండు: మోసింది వేరే సిపాయి, ఆ లడాయిలనే పోయిండు, అర్జీ పెట్టిన ఈయన మోసినోడు కాదు, మోయబడ్డోడు, చచ్చిపోయినోని పని తన పేరు మీద రాసుకున్న మనిషికి నేను సాక్షి కాను, నా అఫిడవిట్ వాపస్ తీసుకుంటున్న. కనుక దావా అబద్ధమని తేలింది. ఈ విషయంల ఇగమీద ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవు.

"ఆ నడుమది మళ్ల చదువు."

చదివిన. మోసినోడు కాదు, మోయబడ్డోడు.

"సుబేదార్ సాబ్ సహీ చెప్పిండు," అన్నడు. చాపిన కాలును ఎవరో దాటుకుంట పోయిన్రు. అప్పుడు నా దిక్కు తిరిగి, "నువ్వు ఒకటే రేటన్నవ్," అన్నడు. గొంతుల కోపం లేదు. చెప్పుల జతల ఒకటి కనబడకపోతె అడిగినట్టు అన్నడు.

నేను మాట్లాడిన. నేను మాట్లాడకుంట ఎన్నడున్న? "బాపూ, వినున్రి. ఇందులనే మన పని ఉన్నది. మోయబడ్డోడు అని సుబేదార్ సాబే రాసిండు. మోయబడ్డడంటె గాయమైనట్టే గదా? వాళ్ల కాగితంలనే గాయం ఉన్నది! దీన్నే పట్టుకొని మళ్ల పోదాం, ఆ పెద్దది వదిలేద్దాం, చిన్నదే అడుగుదాం. నేను తప్పు రాసిన అని నేను రాసిస్త..."

"సేటూ. ఆయన నన్ను మోసుకొచ్చిండు. నేను ఆయన్ని తెచ్చి బజార్ల పెట్టిన. ఇగ చిన్నదేంది, పెద్దదేంది."

ఫోన్ అడిగిండు. లేచిండు. మడిమెలు కలిపిండు. అవతల ఎత్తిన్రు. సుబేదార్ సాబ్ గొంతు నాదాంక వచ్చింది, మాటలు రాలే, గొంతు వచ్చింది. ఈయన నోట్లకెళ్లి రెండే మాటలు. "జీ సాబ్." కొంచెం ఆగి, "నహీ సాబ్." మళ్ల "జీ సాబ్." నేను గజం కట్టె పట్టుకొని నిలబడి చూస్తున్న. ఇప్పుడు చెప్తడు, అర్జీ రాసింది దుకాణపాయన అని ఇప్పుడు చెప్తడు. చెప్తె బాగుండు, ఫోన్ నాకిస్తె బాగుండు, నేను కాళ్లు మొక్కి ఒప్పుకుందు. ఆయన ఆఖరుకు ఒక్క మాట ఎక్కువన్నడు. "దస్తఖత్ మేరా హై సాబ్."

అవతల పెట్టేసిన్రు. ఈయన ఫోన్ చెవికే పెట్టుకొని ఇంకా నిలబడ్డడు. ఆ తర్వాత నేను ఆ నంబరుకు మస్తుసార్లు చేసిన, నా తప్పని చెప్దామని. దుకాణం నంబరు చూసి ఎత్తలే. ఉత్తరం రాసిన. జవాబు రాలే. రికార్డు ఆఫీసుకు రాసిన. ఈ విషయంల ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవని వాళ్లు ముందే చెప్పిన్రు గదా. వాళ్లదీ ఒకటే రేటు.

ఆయన దుకాణానికి రావుడు బంద్ చేసిండు. స్టూలు ఆడనే ఉంచిన. గిరాకీలు దాని మీద సంచులు పెడ్తుంటె తీయించేటోన్ని.

మళ్ల ఒక్కసారే చూసిన. మా అమ్మ రిపోర్టుల కోసం పెద్దాసుపత్రికి పోతె, గేటు కాడ లైన్ల నాకు నలుగురు ముంగట ఆయన. చిక్కిపోయిండు. అంగి మీద మడత లేదు. దర్వాజ దాటంగనే కుయ్యిమన్నది. కాపలా పిలగాడు కొత్తోడు. "తాతా, ఏమున్నది?" అన్నడు.

నేను ఎదురుచూసిన. నిటారుగ నిలబడతడు, బొక్కల ఉన్నది అంటడు, ఇంకోసారి దాటుతడు.

"ఏం లేదు బిడ్డా," అన్నడు. "చిన్నప్పుడు గేదె తన్నింది. రాడ్ ఏసిన్రు."

"పో తాతా, పో."

పోయిండు. అప్పటిదాంక నేను ఆయనకు అబద్ధం ఆడిన అనుకుంటుంటి. ఆ గేటు కాడ తెలిసింది, ఆడుడు నేర్పిన. పిలవలే నేను. పిలిస్తె తిరగడని కాదు. తిరుగుతడేమో అని.

ఇగ పోయిన వారం సంగతి. ఆయన ఇంటామె వచ్చింది. నేనామెను అవ్వా అంట. గుండె ఆగి నిద్రలనే పోయిండని నాకు ఆ దినమే తెలిసింది. గౌలిపురల గల్లీ మొగదాంక పోయి, లోపలికి పోలేక మర్లొచ్చిన. ఆమె మెట్టెక్కి ఆ స్టూలు మీదనే కూసున్నది. కొంగు ముడి విప్పింది. అందుల రెండు వస్తువులు. ఒకటి రిబ్బన్, పుస్తకంల పెట్టిన మడత మడతనే ఉన్నది. ఇంకోటి నల్లటి ఇనుప తునక, చింతగింజ కన్నా పెద్దది, అంచులు వంకరటింకర.

"బొక్కలు ఏరుతుంటె దొరికింది," అన్నది. "కొడుకు నదిల కలుపుదామన్నడు. నేనే ఆపిన. సూడు సేటూ, మా గేదెలకు ఇనుప డెక్కలుంటయా?"

చేతిల పట్టుకున్న. చల్లగున్నది.

"తూకమెయ్యి. గిన్నేండ్లు మోసిండు, ఎంతున్నదో సూడనియ్యి."

జరీ తూచే ఇత్తడి తరాజు తీసిన. ఆ తరాజుకు నా చిటికెన వేలు అలవాటు, నాకు తెల్వకుంటనే పోయి పళ్లాన్ని కొంచెం ఆనుకుంటది. రెండు చేతులు వెనకకు కట్టుకొని నిలబడ్డ. ముల్లు ఊగి ఊగి ఆగింది. తులానికి కొంచెం తక్కువ. చెప్పిన.

"గంతేనా?" అన్నది. తునకను పళ్లెంల నుంచి తీసి అరచేతిల పెట్టుకున్నది. తర్వాత అడిగింది: "దీన్ని సూపిస్తె ఇప్పుడు ఇస్తరా సేటూ, ఆ కాగితం?"

నా నోట్లకు ఎన్ని వచ్చినయో. సూద్దాం అవ్వా. ప్రయత్నం చేద్దాం. వకీలు ఉన్నడు. అన్నిటిల గాలే.

"ఇయ్యరు అవ్వా."

తల ఊపింది. తునకను మళ్ల కొంగుల ముడేసింది.

"అవ్వా, ఆ అర్జీల అబద్ధం నాది. ఆయనకు తెల్వదు."

"ఎరుకే. ఆయనకు గంత ఇంగ్లీషు ఏడిది?"

"మరి... వచ్చి అడగలే?"

"పోత అన్న. వద్దన్నడు. ఆ సేటు నాకు మంచే చేద్దామనుకున్నడు, సంతకం నాది, అన్నడు." లేచింది. రిబ్బన్‌ను బల్ల మీదనే వదిలింది. "గిది వాపస్ ఇయ్యుమన్నడు. పనికిరాలే గదా అన్నడు."

మా దుకాణం గోడకు బోర్డున్నది, కోసిన సరుకు వాపస్ తీసుకోబడదని. నాయన రాయించిండు. గల్లా తెరిచి ఆ రిబ్బన్ పైసలు తీసి ఆమె ముంగట పెట్టిన. ముట్టలే.

"రిబ్బన్ ఇయ్యుమన్నడు గని, పైసలు తెమ్మనలే," అని మెట్టు దిగింది. వెనక్కి పిలిచిన. ఆమె కూడా తిరగలే.

లెక్క చూసుకుందాం. అర్జీ టైపు, నకళ్లు, తపాలా అన్నిటికీ ఆయనే ఇచ్చిండు, నా చేతికెళ్లి ఒక్క పైస పోలే. రికార్డుల ఆయన గాయం ముందూ లేదు, ఇప్పుడూ లేదు. అబద్ధమాడిండన్న మాట ముందు లేదు, ఇప్పుడున్నది. మోసుకొచ్చినాయన పేరు ఆఖరు దినాలల్ల ఆయన నోట్ల చేదైపోయింది. అది నేను చేసింది. సుబేదార్ సాబ్ ఫోన్ ఎత్తడు. అర గజం రిబ్బన్, తెలుపు, నడుమ ఎరుపు, మడత పోనిది, నా బల్ల మీద ఉన్నది. దాని పైసలు నా గల్లాల ఉన్నయి.

సరుకూ నా దగ్గర్నే, పైసలూ నా దగ్గర్నే. తాతా, ఆ బేరం చేసిన.